టెలిస్కోప్ కొనేముందు దాని కాళ్లు చూడండి

కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ ఏడో తరగతి అమ్మాయో అబ్బాయో టెలిస్కోప్ కావాలని పట్టుబడితే అమ్మానాన్నలకు చాలాసార్లు ఫోన్‌లో వెతకడం తప్ప మరో దారి ఉండదు. టీవీ అయితే షాపులో ఆన్ చేయించి చూస్తాం. సైకిల్ అయితే పిల్లవాడితో రెండు చుట్లు తొక్కించి చూస్తాం. టెలిస్కోప్‌ను మాత్రం ఫొటో చూసి, పెట్టె మీది అంకె చూసి కొనేస్తాం. అది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెప్పే అంకె. ఒకదాని మీద 150 అని ఉంటుంది, పక్కదాని మీద 375, ఇంకాస్త డబ్బు పెడితే 525. పిల్లల చదువుకు పనికొస్తుందంటే ఇంకో ఐదు వందలకు వెనకాడే తల్లిదండ్రులు మన దగ్గర తక్కువ. అందుకే పెద్ద అంకె ఉన్నదే ఇంటికొస్తుంది, నెల తిరిగేసరికి బీరువా మీదికి చేరుతుంది. పిల్లలకు ఓపిక లేదని ఇంట్లో ఒక తీర్పు కూడా వెలువడుతుంది. ఆ తీర్పు అన్యాయం. పొరపాటు జరిగింది ఎంపికలో. తక్కువ డబ్బుతో మొదటి టెలిస్కోప్ కొనేటప్పుడు ముందుగా చూడాల్సింది గొట్టాన్ని మోసే స్టాండును. ఆ తర్వాత చూడాల్సింది ముందుండే లెన్స్ లేదా అద్దం వెడల్పును. ఎన్ని రెట్లు అన్నది అన్నిటికన్నా చివర చూడాలి. అసలు చూడకపోయినా నష్టం లేదు.

ఎందుకో తెలియాలంటే మార్కెట్లో విరివిగా దొరికే ఒక రకం పెట్టెను విప్పి చూద్దాం. ముందు లెన్స్ వెడల్పు 60 మిల్లీమీటర్లు. ఫోకల్ లెంగ్త్ 700 మిల్లీమీటర్లు. కంటి దగ్గర పెట్టుకునే ఐపీసులు రెండు, ఒకటి 20 మిల్లీమీటర్లది, ఇంకొకటి 4 మిల్లీమీటర్లది. వాటికి తోడు బొమ్మను మూడింతలు చేసే బార్లో లెన్స్. ఫోకల్ లెంగ్త్‌ను ఐపీస్ అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో తేలుతుంది. 700ను 20తో భాగిస్తే 35, 4తో భాగిస్తే 175, దానికి బార్లో తగిలిస్తే 525. లెక్కలో అబద్ధం లేదు. మోసమంతా ఆ లెక్కలో చెప్పని విషయంలో ఉంది. 60 మిల్లీమీటర్ల లెన్స్ పట్టి తెచ్చే వెలుతురు ఎప్పుడూ అంతే ఉంటుంది. బొమ్మను ఎంత సాగదీస్తే ఆ వెలుతురు అంత పలచబడుతుంది. చెంచాడు నెయ్యిని పది రొట్టెలకు రాసినట్టే. అందుకే అనుభవజ్ఞులు ఒక హద్దు పెట్టుకున్నారు. లెన్స్ వెడల్పును మిల్లీమీటర్లలో కొలిచి రెట్టింపు చేస్తే వచ్చేదే పనికొచ్చే గరిష్ఠ సంఖ్య. 60 మిల్లీమీటర్లకు అది 120. అదైనా గాలి నిశ్చలంగా ఉన్న రాత్రి, మంచి లెన్స్ ఉంటేనే. 525 దగ్గర శని గ్రహం ఒక మసక మరక. పైన పటారం, లోన లొటారం అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు స్టాండు సంగతి. భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం మన కళ్ల ముందు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతుంది. అంటే చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత దూరం కదిలిపోతాడు. మామూలు కంటికి అది తెలియదు. 35 రెట్ల దగ్గర మామూలు ఐపీస్‌లో గురు గ్రహం ఒక అంచు నుంచి మరో అంచుకు చేరడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. పిల్లవాడు చూసి, చెల్లెలికి చూపించి, మళ్లీ చూడటానికి ఆ వ్యవధి చాలు. 175 రెట్ల దగ్గర అది నిమిషానికి కాస్త అటూ ఇటూ అవుతుంది. 525 దగ్గర పాతిక సెకన్లు కూడా మిగలవు. కాబట్టి గ్రహాన్ని చూస్తూ ఉండాలంటే గొట్టాన్ని మాటిమాటికీ కొద్దికొద్దిగా జరుపుతూ ఉండాలి. చౌకరకం సన్నని అల్యూమినియం కాళ్ల మీద నిలబెట్టిన గొట్టాన్ని ముట్టుకుంటే అది ఐదారు సెకన్లు ఊగుతుంది. ఆ ఊపు కూడా గొట్టం ఎన్ని రెట్లు చూపిస్తే అన్ని రెట్లు పెద్దదై కంటికి కనిపిస్తుంది. ఊగడం ఆగేలోపు గ్రహం జరిగిపోతుంది. మళ్లీ ముట్టుకోవాలి, మళ్లీ ఊగుతుంది. పన్నెండేళ్ల పిల్లలు ఈ తంతును ఎన్నిసార్లు భరిస్తారు? పెద్దవాళ్లమైనా నాలుగోసారికి మూత పెట్టేస్తాం. పిల్లల ఓపిక మీద వేసే నింద నిజానికి ఆ మూడు కాళ్ల మీద వేయాల్సింది.

పెద్ద లెన్స్ ఉన్నంత మాత్రాన పని జరగదనడానికి మన హైదరాబాద్ చరిత్రలోనే ఆధారం ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలోని తన ఎస్టేట్‌లో వేధశాల నెలకొల్పారు. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోప్ తెప్పించారు. ఆయన మరణించాక, 1908లో ఆ వేధశాల నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు మారింది. అదే నిజామియా వేధశాల. ఆ 15 అంగుళాల టెలిస్కోప్ బిగించుకుని వాడుకలోకి వచ్చేసరికి 1922 అయింది. ఈలోగా, ఆ తర్వాతా నిజామియాకు ప్రపంచంలో పేరు తెచ్చిన పని దానికన్నా చిన్నదైన 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్, అంటే ఆకాశాన్ని ఫొటో తీసే టెలిస్కోప్ మీద జరిగింది. ఆకాశమంతటినీ ఫొటో తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలన్న అంతర్జాతీయ పథకంలో హైదరాబాద్ తన వంతు భాగం తీసుకుని ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కకట్టి ముద్రించింది. వేధశాలకూ ఇంటికీ పోలిక ఏమిటని అడగవచ్చు. పోలిక ఒకటే. దృఢమైన పీఠం మీద నిలబడి రోజూ పనికొచ్చే చిన్న పరికరం, ఇంకా నిలబడని పెద్ద పరికరం కన్నా ఎక్కువ చూస్తుంది. ఈ సూత్రం బేగంపేటలో నిజమైతే కామారెడ్డి ఇంటి ముందర ఇంకా నిజం.

అసలు పిల్లలకు ఎన్ని రెట్లు కావాలి? గెలీలియో 1610 జనవరిలో గురు గ్రహం చుట్టూ తిరిగే నాలుగు చంద్రులను కనిపెట్టింది దాదాపు 20 రెట్లు చూపించే గొట్టంతో. అది ఇవాళ్టి చవకరకం లెన్స్ కన్నా చాలా నాసి. గెలీలియో 1609లో తొలిసారి టెలిస్కోప్‌ను ఆకాశం వైపు తిప్పి నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంగా 2009ని అంతర్జాతీయ ఖగోళ సంవత్సరంగా జరుపుకున్నారు. అప్పుడు ప్రపంచమంతటా బడిపిల్లల కోసం తయారుచేసిన గెలీలియోస్కోప్ లెన్స్ వెడల్పు 50 మిల్లీమీటర్లే. చూపించేది 25 రెట్లే. తయారుచేసినవాళ్లు ఖగోళ శాస్త్రజ్ఞులు, విద్యావేత్తలు. అంకె పెంచి చెప్పుకోవాల్సిన అవసరం వాళ్లకు లేదు. లెన్స్ నాణ్యంగా ఉంటే 25 నుంచి 30 రెట్లలోనే శని వలయం గ్రహానికి అంటుకున్న చిన్న చెవుల్లా తెలుస్తుంది. 60, 70 రెట్ల దగ్గర వలయం వలయంలాగే కనిపిస్తుంది. చంద్రుడి మీది గుంతలు, వాటి అంచుల నీడలు, శుక్రుడి నెలవంక రూపం, పల్లెల్లో పిల్లలకోడి అని పిలుచుకునే కృత్తికలు, వేటగాడి నక్షత్రమండలంలోని నీహారిక ఇవన్నీ 70 రెట్ల లోపే అందుతాయి. మొదటి రెండేళ్లకు ఒక పిల్లవాడికి సరిపడే సరుకు ఇది. దీనికి పైన కొనే ప్రతి రెట్టూ పెట్టె మీది రంగుకు కట్టే ధరే.

కాబట్టి బడ్జెట్‌ను బట్టి ఇలా ఆలోచించవచ్చు. చేతిలో రెండు మూడు వేలే ఉంటే ఇప్పుడు టెలిస్కోప్ కొనకండి. ఆ డబ్బు దాచండి. ఆరేడు వేల దాకా పెట్టగలిగితే 7×50 లేదా 10×50 బైనాక్యులర్స్ కొనండి. అందులో మొదటి అంకె ఎన్ని రెట్లో, రెండోది లెన్స్ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. పది పన్నెండు వేలు ఉంటే 70 మిల్లీమీటర్ల లెన్స్, 700 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న సాదా టెలిస్కోప్, పైకీ కిందకీ, కుడికీ ఎడమకీ మాత్రమే తిరిగే స్టాండు మీద. దీన్ని అప్పుడప్పుడూ సరిచేసుకునే పని ఉండదు, దులిపి వాడుకోవచ్చు. బాగా చీకటికి అలవాటుపడిన కంటిపాప 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుందనుకుంటే, 70 మిల్లీమీటర్ల లెన్స్ దానికి వంద రెట్ల వెలుతురు తెస్తుంది. ఇరవై వేల దాకా వెళ్లగలిగిన ఇల్లయితే బల్ల మీద పెట్టుకునే 114 మిల్లీమీటర్ల అద్దం టెలిస్కోప్ మంచిది. అది 70 మిల్లీమీటర్ల దానికన్నా రెండున్నర రెట్లకు పైగా వెలుతురు పడుతుంది. అయితే అద్దాలను అప్పుడప్పుడూ సరిగ్గా ఒక వరుసలోకి తెచ్చుకునే పని నేర్చుకోవాలి. ఏది కొన్నా ఐపీసులు 1.25 అంగుళాల కొలతవై ఉండాలి. అదే ఇప్పుడు అందరూ వాడే కొలత కాబట్టి తర్వాత మంచివి విడిగా కొనుక్కోవచ్చు. గొట్టం పొడవు అర మీటరే ఉండి, మీద మాత్రం ఫోకల్ లెంగ్త్ 1000 మిల్లీమీటర్లు అని రాసి ఉన్న 114, 127 మిల్లీమీటర్ల అద్దం టెలిస్కోపులను వదిలేయండి. వాటి లోపల అదనంగా దూర్చిన లెన్స్ వల్ల అద్దాలను సరిచేయడం కొత్తవాళ్లకు తలకు మించిన పని.

టెలిస్కోప్ అడిగితే బైనాక్యులర్స్ ఇవ్వడం పిల్లల నోట్లో మట్టికొట్టడం కాదా అనే ప్రశ్న సహజం. పిల్లల నిరాశను తేలిగ్గా తీసుకోకూడదు. కానీ ఏది ఎక్కువ నిరాశ అన్నదే ఇక్కడ లెక్క. 10×50 బైనాక్యులర్స్ చంద్రుడి పెద్ద గుంతలను, గురు గ్రహం చంద్రులను, కృత్తికల గుంపును, పాలపుంతలోని నక్షత్రాల రాశిని చూపిస్తాయి. రెండు కళ్లతో చూస్తాం, బొమ్మ తలకిందులుగా ఉండదు, వెతుక్కోవాల్సిన పని తక్కువ. వాటికి స్టాండు అక్కర్లేదు. పిట్టగోడ మీద మోచేతులు ఆనిస్తే చాలు. స్టాండు చెడ్డదైతే అంతా చెడుతుందన్న వాదన నిజమైనప్పుడు, స్టాండే అక్కర్లేని పరికరం చవకబేరాల్లోకెల్లా మంచి బేరం. అంతేకాదు, ఆకాశం మీద మోజు తీరినా అది మూలన పడదు. పోచారం చెరువు మీద పక్షులను చూడటానికి పనికొస్తుంది. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చే నాన్న సామానులో తేవడానికీ పొడవాటి గొట్టం కన్నా ఇదే సులువు. శని వలయం మాత్రం కనిపించదని ముందే చెప్పండి. ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో ముందే తెలిసిన పిల్లలు నిరాశపడరు.

కొద్దిగా ఎక్కువ పెడితే ఈక్వటోరియల్ స్టాండు వస్తుంది కదా, అది నిజమైన శాస్త్రజ్ఞులు వాడేది కదా అని ఇంకొందరంటారు. చూడటానికి అది గంభీరంగానే ఉంటుంది. దాని ఒక ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు నిలిపితే ఒక్క మర తిప్పుతూ నక్షత్రాన్ని వెంబడించవచ్చు. కానీ కామారెడ్డి, ఎల్లారెడ్డి ఉన్నది సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున 18 డిగ్రీల ఎత్తులోనే, చెట్ల కొనలకూ ఇళ్ల కప్పులకూ చాటుగా ఉంటుంది. ఇరుసునూ అంత కిందికే వంచాలి. యూరప్, అమెరికా అక్షాంశాలకు తగినట్టు చేసిన చౌకరకం స్టాండ్లు కొన్ని అంత కిందికి వంగితే బరువు కట్టే కడ్డీ కాలికి తగులుతుంది. పైగా రెండు ఇరుసులూ ఏటవాలుగా తిరుగుతుంటే గొట్టం ఎటు పోతుందో అర్థం కావడానికి పెద్దలకే వారం పడుతుంది. అదే ధరలో సగం డబ్బు ఈ మరలకు పోతుంది, లెన్స్‌కు మిగిలేది సగమే. కంప్యూటర్‌తో తనంతట తానే నక్షత్రాన్ని వెతికే రకాలు ఈ బడ్జెట్‌లో రావు. వచ్చినా వాటికి ముందు ఆకాశంలో రెండు మూడు నక్షత్రాలను మనమే చూపించాల్సి రావచ్చు. వాటిని గుర్తుపట్టడం నేర్పేది సాదా పరికరమే.

స్టాండే ముఖ్యమంటే ఖర్చు పెరుగుతుందని భయపడాల్సిన పని లేదు. గొట్టంలోని లెన్స్‌ను మన ఊళ్లో తయారుచేయలేం. స్టాండును మాత్రం చేయగలం. దీనికి ప్రపంచానికి దారి చూపినవాడు జాన్ డాబ్సన్. శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో, రామకృష్ణ సంప్రదాయంలో 1944 నుంచి 1967 దాకా సన్యాసిగా ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు. పారేసిన గాజుపలకను అరగదీసి అద్దం చేశాడు, అట్ట గొట్టంలో బిగించాడు, ప్లైవుడ్ పెట్టెలో కూర్చోబెట్టాడు. కింద పళ్లెంలా తిరిగే చెక్క, పక్కల రెండు చెక్కలు, రాపిడి చోట నునుపైన ముక్కలు. అంతే. మరలు లేవు, కడ్డీలు లేవు. వేలితో తోస్తే కదులుతుంది, వదిలిన చోట ఆగుతుంది. రోడ్డు పక్కన నిలబడి పోయేవాళ్లందరికీ చంద్రుణ్ణి చూపించాడు. ఇవాళ ఆ పద్ధతి స్టాండ్లను ప్రపంచమంతా డాబ్సోనియన్ అనే పిలుస్తుంది. మంచాలు, దర్వాజాలు చేసే వడ్రంగికి ఆ కొలతలు ఇస్తే ఒక్క పూట పని. కొన్న టెలిస్కోప్ స్టాండు సన్ననిదైతే కూడా చిట్కాలున్నాయి. కాళ్లను పూర్తిగా పొడిగించకుండా కుర్చీలో కూర్చుని చూడండి. మూడు కాళ్ల మధ్య పళ్లెం నుంచి రెండు మూడు కిలోల ఇసుక సంచి వేలాడదీయండి. ఊపు చాలావరకు తగ్గుతుంది, ఖర్చు మాత్రం శూన్యం.

డబ్బుతో కొనలేనిది ఒకటి మన దగ్గర ఉంది, అది చీకటి. నగరం పెరిగి బేగంపేట ఆకాశం వెలుతురుతో నిండిపోతుంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల పెద్ద టెలిస్కోప్‌ను నగరానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో జపాల్ - రంగాపూర్ దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. 1968 నాటి మాట అది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రజ్ఞులు అక్కడి నుంచి కూడా గమనించారు. వేధశాలలు వెతుక్కుంటూ పోయే చీకటి ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ వైపు, పోచారం అడవి వైపు కొద్ది దూరం పోతే ఇప్పటికీ దొరుకుతుంది. కామారెడ్డిలో జాతీయ రహదారి, రైల్వే స్టేషన్ దీపాలు ఉన్నా, ఊరి అంచు దాటితే మేలే. హైదరాబాద్‌లో పెద్ద టెలిస్కోప్‌కు అందని మసక నీహారికలు ఇక్కడ బైనాక్యులర్స్‌కు అందవచ్చు. అక్షాంశం కూడా మనకు కలిసొస్తుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్ పిల్లలు ఎంత ఖరీదైన టెలిస్కోప్ కొన్నా దాన్ని ఇంటి నుంచి చూడలేరు. కాబట్టి పెద్ద అద్దానికి పెట్టే డబ్బులో కొంత భాగాన్ని మన ఊరి చీకటే మిగిలిస్తుంది. ఒక జాగ్రత్త. ఎండాకాలంలో స్లాబు మీద నుంచి చూడకండి. పగలంతా కాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడి వదులుతుంది, ఆ గాలిలో గ్రహాలు నీళ్లలో కదిలినట్టు కనిపిస్తాయి. పెద్దవాళ్లు తోడుండి, ఊరి పక్కన కల్లం దగ్గరో, ఇంటి ముందరి మట్టినేల మీదో చూడటం మేలు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులే ఎక్కువ. ఆ నాలుగు నెలలు లెన్స్‌కు బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో భద్రపరచండి. కొనడానికి అనువైన కాలం దసరా, దీపావళి రోజులు. ఎదురుగా ఏడెనిమిది నెలల తేట ఆకాశం ఉంటుంది.

ఫోన్‌లో ఇంతకన్నా గొప్ప ఫొటోలు ఉచితంగా దొరుకుతుంటే ఇదంతా దేనికన్నది బలమైన ఆక్షేపణే. నిజమే, అంతరిక్షంలోని పెద్ద టెలిస్కోపులు తీసిన రంగుల చిత్రాలతో ఇంటి టెలిస్కోప్ పోటీపడలేదు. నీహారిక ఇందులో బూడిదరంగు పొగలాగే కనిపిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకుండా కొనిపెట్టడం పిల్లలను మోసం చేయడమే. కానీ ఫొటో జవాబు ఇస్తుంది, టెలిస్కోప్ ప్రశ్న పుట్టిస్తుంది. గురు గ్రహం పక్కన నిన్న రాత్రి ఎడమవైపు మూడు చుక్కలు, కుడివైపు ఒకటి ఉండి, ఇవాళ రెండు రెండుగా ఉంటే ఎందుకని నోట్‌బుక్‌లో గీసుకుని లెక్కవేసుకోవడం ఫోన్ చేయించలేని పని. గెలీలియో చేసిందీ అదే. పరీక్షలో ఒక్క మార్కూ రాదని కోచింగ్ లెక్కలు వేసేవాళ్లు ఒకటి గమనించాలి. చూసి, రాసుకుని, పోల్చి, ముందుగా ఊహించి, ఆ ఊహ సరిపోయిందో లేదో మర్నాడు తేల్చుకోవడమే సైన్స్ అని ఏ పుస్తకమూ ఇంత చవకగా నేర్పదు.

వారంలో మోజు తీరిపోతుందన్న భయం వెనుక కూడా స్టాండు, బరువు అనే సంగతులే ఉన్నాయి. ఒక వస్తువు వాడకంలో ఉండాలంటే దాన్ని బయటికి తీయడం తేలిక కావాలి. ఇద్దరు పెద్దవాళ్లు మోసుకొచ్చి అరగంట బిగిస్తే గానీ నిలబడని టెలిస్కోప్ పండగకోసారి బయటికొస్తుంది. ఐదు నిమిషాల్లో పిల్లలు సొంతంగా పెట్టుకోగలిగింది వారానికి మూడుసార్లు వస్తుంది. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. చీకటిపడ్డాక అన్న తోడొస్తేనే, నాన్న మోసిస్తేనే చూడగలిగే పరికరం నెమ్మదిగా అన్నదైపోతుంది. వాకిట్లోకో మిద్దె మీదికో తానే తెచ్చుకోగలిగిన పరికరం ఆమెది అవుతుంది. ఎన్ని కిలోలన్న అంకె ఎన్ని రెట్లన్న అంకె కన్నా ముఖ్యం కావడానికి ఇదొక కారణం.

పది వేలు అన్నది చాలా ఇళ్లకు చిన్న మాట కాదన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. బీడీలు చుట్టి, కూలికి పోయి ఫీజులు కట్టే కుటుంబాన్ని టెలిస్కోప్ కొనమనడం వెటకారమవుతుంది. ఇక్కడ జవాబు ఇంట్లో లేదు, బడిలో ఉంది. అయితే అన్ని బళ్లూ ఒకటి కావు. సాయంత్రం తాళం పడే బడిలో టెలిస్కోప్ ఉన్నా ఆకాశం వచ్చే వేళకు పిల్లలుండరు. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, హాస్టళ్లు అలా కాదు. పిల్లలు రాత్రిపూట ఉండేది అక్కడే, పెద్దల పర్యవేక్షణ ఉండేదీ అక్కడే. జిల్లాలో కొత్తగా టెలిస్కోపులు ఇవ్వాలనుకుంటే మొదట ఇవ్వాల్సింది వాటికే. అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా కేంద్రం గ్రాంటు ఇచ్చే దేశంలో పాతిక వేల టెలిస్కోప్ భారమేమీ కాదు. అందుబాటులో ఉన్న పరికరం ఏం చేయగలదో చెప్పడానికి ఖగోళ శాస్త్రజ్ఞుడు వేణు బాపు ఉదాహరణ చాలు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో ఆ పిల్లవాడు హైదరాబాద్‌లో టెలిస్కోపుల మధ్యనే పెరిగాడు. 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ ఒక తోకచుక్కను కనిపెట్టాడు. తర్వాత తమిళనాడులోని కావలూరులో దేశం గర్వించే వేధశాలను నిలబెట్టాడు. అందరూ వేణు బాపులు కావాలని కాదు. ఆ అవకాశం తండ్రి ఉద్యోగాన్ని బట్టి రాకూడదని.

కొనేవాళ్లకైనా ఇచ్చేవాళ్లకైనా ఒక్క హెచ్చరికలో రాజీ పనికిరాదు. టెలిస్కోప్‌తో గానీ బైనాక్యులర్స్‌తో గానీ సూర్యుణ్ణి చూడకూడదు. క్షణంలో చూపు పోతుంది. కొన్ని చౌకరకం పెట్టెల్లో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల అద్దం సూర్యుణ్ణి చూడటానికని వస్తుంది. లెన్స్ కేంద్రీకరించిన వేడికి అది చూస్తుండగానే పగలవచ్చు. అలాంటిది కనిపిస్తే వెంటనే పగలగొట్టి చెత్తలో వేయండి. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగానికి బిగించే ప్రమాణమున్న ఫిల్టర్, పక్కన తెలిసిన పెద్దవాళ్లు రెండూ ఉండాలి. పగటిపూట పరికరాన్ని పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు.

ఆన్‌లైన్‌లో కొన్నా పరీక్షించే అవకాశం పూర్తిగా పోలేదు. తిరిగి పంపే గడువు ఎన్ని రోజులో ముందే చూసుకోండి. వచ్చిన రోజే, ఎండ వాలాక, సూర్యుడికి ఎదురు దిక్కున దూరంగా ఉన్న సెల్ టవర్ కొన మీదికి గొట్టాన్ని తిప్పండి. ముందు తక్కువ రెట్ల ఐపీస్ పెట్టి టవర్ కడ్డీలు స్పష్టంగా కనిపించేలా చేయండి. తర్వాత గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి మనసులో లెక్కపెట్టండి. రెండు మూడు సెకన్లలో బొమ్మ నిలబడితే ఉంచుకోండి. ఐదు దాటినా ఊగుతూనే ఉంటే కాళ్లు తగ్గించి, ఇసుక సంచి కట్టి మళ్లీ తట్టండి. అప్పుడూ ఆగకపోతే పెట్టె మీద ఎంత పెద్ద అంకె ఉన్నా సరే, మొహమాటపడకుండా తిరిగి పంపేయండి.